పన్నెండు నిమిషాల పాటని ఎవరికైనా ఎలా వినిపించాలి? ప్రోగ్రెసివ్ రాక్, ఎవరూ వినని మ్యుజీషియన్ల గురించి కొన్ని మాటలు

ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి, ఈరోజు ఎపిసోడ్‌కి వాటితో పనుంది. టాపిక్ ప్రోగ్రెసివ్ రాక్. షార్ట్‌గా ప్రోగ్ అంటారు. దాంతోపాటు, మంచి మ్యూజిక్ చేసి కూడా ఎవరికీ తెలియకుండా ఉండిపోయినవాళ్ల గురించి, అలాంటి మ్యూజిక్‌ని మనకి ఇష్టమైనవాళ్లకి ఎలా వినిపించాలి అన్నదాని గురించి కూడా మాట్లాడుకుందాం. ఈ చివరిది నేను తప్పులు చేసి నేర్చుకున్నా. అందుకే ఆ తప్పుల్లో మొదటిదానితోనే మొదలుపెడతా.

2012. ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్, హాస్టల్. మా ఫ్లోర్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. పేరు చెప్పను, అన్న అనే అంటా. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఒకరోజు రాత్రి కరెంటు పోతే అందరం టెర్రస్ మీదకి వెళ్లాం. ఏం వింటావన్నా ఎప్పుడూ అని అడిగా, ఏదో టైంపాస్‌కి. అన్న ఇయర్‌ఫోన్స్ తీసి నాకిచ్చాడు. మామూలుగా ఒకటి నీకు, ఒకటి నాకు అని పంచుకుంటాం కదా. అన్న రెండూ నాకే ఇచ్చేశాడు. "రెండూ పెట్టుకోరా, సగం వింటే అర్థం కాదు" అన్నాడు. పాట పేరు స్టార్‌లెస్. బ్యాండ్ కింగ్ క్రిమ్సన్. పన్నెండు నిమిషాల పాట.

మొదట్లో బాగానే ఉంది. నిదానంగా, దిగులుగా ఒక ట్యూన్. ఒకాయన పాడుతున్నాడు. నాలుగు నిమిషాలు దాటాక పాడటం ఆగిపోయింది. గిటార్ మీద ఒకే నోటు మొదలైంది. టంగ్... టంగ్... టంగ్... నిమిషం అయింది. ఇంకో నిమిషం అయింది. ఇంకా ఆ టంగ్ టంగే. నేను ఇయర్‌ఫోన్స్ పీకేసి, "అన్నా, నీ ఫోన్ హ్యాంగ్ అయినట్టుంది" అన్నా. పక్కనున్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఇయర్‌ఫోన్స్ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నాకు ఏ పాటా వినిపించలేదు.

ఆ పాట దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు ప్రోగ్ అంటే ఏంటో చూద్దాం.

1960ల మధ్య వరకూ రాక్ మ్యూజిక్ అంటే ఎక్కువగా సింగిల్సే. చిన్న రికార్డు, ఒక్కో వైపు ఒక్కో పాట, పాటకి మూడు నిమిషాలు. రేడియోవాళ్లకీ అదే కావాలి. ఇంకోటి ఎల్‌పీ. 12 అంగుళాల పెద్ద రికార్డు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. మొదట్లో రాక్ బ్యాండ్లు ఎల్‌పీని చాలావరకు చిన్న పాటల్ని వరసగా పేర్చే డబ్బాలాగే వాడాయి. అరవైల చివర్లో ఇంగ్లండ్‌లో కొంతమంది కుర్రాళ్లకి ఒక డౌట్ వచ్చింది. ఇరవై నిమిషాల జాగా ఉన్నప్పుడు, పాట మూడు నిమిషాలకే ఎందుకు ఆగాలి?

1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. ప్రోగ్ అక్కడే మొదలైందని చాలామంది అంటారు. 1972కి వచ్చేసరికి యెస్ అనే బ్యాండ్ క్లోజ్ టు ది ఎడ్జ్ అని ఎల్‌పీలో ఒక వైపంతా ఒకే పాట పెట్టింది. అదే ఏడాది జెనెసిస్ బ్యాండ్ సప్పర్స్ రెడీ అని దాదాపు 23 నిమిషాల పాట చేసింది. అదే ఏడాది జెత్రో టల్ అయితే ఇంకా ముందుకెళ్లి, థిక్ యాజ్ ఎ బ్రిక్ అని ఆల్బమ్ మొత్తం ఒకే పాట చేసింది. మధ్యలో లేచి రికార్డు తిరగేసుకోవాలి, పాట మాత్రం అయిపోలేదు!

ఇంత సాగదీయడం ఎందుకు అంటారా? ఇళయరాజా పాటలు గుర్తు తెచ్చుకోండి. పల్లవి అయ్యాక, చరణానికి ముందు వాయిద్యాలు వస్తాయి కదా. చాలా పాటల్లో మొదటి చరణం ముందు వచ్చేది ఒకలా ఉంటుంది, రెండో చరణం ముందు వచ్చేది ఇంకోలా ఉంటుంది. ఉన్నట్టుండి వయొలిన్లు ఎక్కడికో తీసుకెళ్తాయి, మళ్లీ మెల్లగా తెచ్చి పల్లవి దగ్గర దింపుతాయి. ఆ అరనిమిషం ఇంకా ఉంటే బాగుండు అని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపిస్తే మీరు సగం ప్రోగ్ అభిమానే. ఆ అరనిమిషాన్ని పది నిమిషాలు పెరగనిస్తే ఎలా ఉంటుందో, ప్రోగ్ సుమారుగా అలా ఉంటుంది.

రెండో విషయం లెక్క. మనం రోజూ వినే పాటల్లో ఎక్కువభాగం నాలుగు లెక్కలో ఉంటాయి. ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు. ప్రోగ్‌వాళ్లకి ఐదు, ఏడు, తొమ్మిది, పదమూడు అంటే సరదా. ఇప్పుడు ఒక పని చేయండి. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల మనీ అనే పాట పెట్టండి, 1973లో వచ్చింది. మొదట్లో చిల్లర మోత వినిపిస్తుంది, తర్వాత బాస్ గిటార్ వస్తుంది. దాంతోపాటు చేత్తో లెక్కపెట్టండి. ఏడు వస్తుంది. సాక్సోఫోన్ సోలో దాకా ఏడే. గిటార్ సోలో మొదలవగానే నాలుగులోకి మారిపోతుంది. ఆ మారే చోట మీ చెయ్యి తడబడుతుంది చూడండి, నాకు మొదటిసారి భలే నవ్వొచ్చింది.

ఏడు లెక్క మనకేం కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు అంటే ఏడే. తకిట తకధిమి. ఐదు అంటే ఖండ చాపు, తక తకిట. మీ ఇంట్లో ఎవరైనా సంగీతమో మృదంగమో నేర్చుకుని ఉంటే ఈ లెక్కలు వాళ్లకి మనకంటే తేలిగ్గా దొరుకుతాయి. ప్రోగ్‌కి పక్కిల్లు లాంటి జాజ్ ఫ్యూజన్‌లో జాన్ మెక్‌లాఫ్లిన్ అని ఇంగ్లండ్ గిటారిస్ట్ ఉన్నాడు. డెబ్బైల్లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని బ్యాండ్ పెట్టి ఇలాంటి లెక్కలతో ఆడుకున్నాడు. ఆయనే తర్వాత రిమెంబర్ శక్తి అనే గ్రూప్‌లో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించాడు. ఇద్దరిదీ వేరే వేరే దేశం, లెక్క దగ్గర మాత్రం ఒకళ్ల మాట ఒకళ్లకి అర్థమైంది.

మూడోది మెలోట్రాన్. చూడ్డానికి హార్మోనియంకి పెద్దన్నలా ఉండే కీబోర్డు. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. ఆ టేపు మీద నిజమైన వయొలిన్లో, ఫ్లూటో ముందే రికార్డు చేసి ఉంటుంది. మీట నొక్కితే టేపు తిరిగి ఆ శబ్దం వస్తుంది. కానీ టేపు ఎనిమిది సెకన్లే. ఆ తర్వాత మీట వదిలేయాల్సిందే, టేపు వెనక్కి వెళ్లాలి. పైగా టేపు కాబట్టి శబ్దం కొంచెం వణుకుతుంది. ఆ వణుకే దాని అందం. స్టార్‌లెస్ మొదట్లో నేను దిగులుగా ఉంది అన్నానే, ఆ వయొలిన్ల దిగులంతా మెలోట్రాన్‌దే.

సరే, స్టార్‌లెస్ దగ్గరికి వద్దాం.

చాలా ఏళ్లు కింగ్ క్రిమ్సన్ పాటలు స్ట్రీమింగ్ యాప్స్‌లో దొరికేవి కావు. బ్యాండ్ మొదలై యాభై ఏళ్లయిన సందర్భంగా 2019లో వచ్చాయి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు. ఒకరోజు రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో ఉన్నా, నిద్ర పట్టట్లేదు. యాప్‌లో ఏదో వెతుకుతుంటే ఆ పేరు కనపడింది. టెర్రస్ గుర్తొచ్చింది. ఫోన్ హ్యాంగ్ అయిన పాట కదా అని నవ్వుకుంటూ పెట్టా.

నాలుగు నిమిషాలు దాటాయి. అదే నోటు వచ్చింది. ఈసారి పీకేయలేదు, బస్సులో చేసే పని ఇంకేం లేదు కాబట్టి. అప్పుడు తెలిసింది, అది ఒకే నోటు కాదు. చాలాసేపు అక్కడే ఉండి ఒక్క మెట్టు పైకి వెళ్తుంది. మళ్లీ అక్కడే ఉంటుంది, మళ్లీ ఒక మెట్టు. కింద బాస్ గిటార్ పదమూడు లెక్కలో తిరుగుతూ ఉంటుంది, అందుకే కాలు ఎక్కడ వేయాలో తెలీదు. డ్రమ్స్ ఆయన బిల్ బ్రూఫర్డ్, ముందు అక్కడక్కడా టిక్ టిక్ అనిపించి మెల్లగా పెంచుకుంటూ వస్తాడు. కుక్కర్‌లో ఆవిరి పట్టినట్టు నిమిషాల తరబడి బిగుసుకుంటూ వెళ్లి, తొమ్మిదో నిమిషం దగ్గర ఒక్కసారి తెగిపోతుంది. సాక్సోఫోన్, డ్రమ్స్, అన్నీ పరుగు. ఇక అయిపోతుందేమో అనుకునేటప్పుడు, మొదట్లో విన్న ఆ దిగులు ట్యూన్ వెనక్కి వస్తుంది. ట్యూన్ అదే, కానీ ఇందాక మామూలుగా విన్నది ఇప్పుడు వింటే గుండె పట్టేసింది. మధ్యలో అంతసేపు ఆ నోటు కొట్టకపోతే చివర్లో ఆ ట్యూన్‌కి ఆ బలం రాదు.

అన్న నాకు ఇవ్వాలనుకున్నది ఆ చివరి నిమిషం. నేను ఐదారు నిమిషాల ముందే జోక్ వేసి లేచిపోయా.

బస్సు దిగి పొద్దున్నే అన్న నంబర్‌కి కాల్ చేశా. ఆ నంబర్ వాడుకలో లేదు. బ్యాచ్ గ్రూపుల్లో అడిగా, ఎవరి దగ్గరా లేదు. ఇప్పటికీ దొరకలేదు. మనం అనుకుంటాం, పాట వినిపించినవాళ్లకి నచ్చిందో లేదో ఎప్పుడైనా చెప్పొచ్చులే అని. ఎప్పుడైనా అంటే చాలాసార్లు కుదరదు.

ఇదే సంగతి మ్యుజీషియన్లకీ జరుగుతుంది. ఆ స్టార్‌లెస్ ఉన్న రెడ్ ఆల్బమ్ 1974 అక్టోబర్‌లో బయటికొచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆ బ్యాండ్ రద్దయిపోయింది. వినేవాళ్లు విని బాగుంది అనేసరికి అక్కడ బ్యాండ్ లేదు. కానీ కింగ్ క్రిమ్సన్ తర్వాత మళ్లీ మళ్లీ పుట్టింది, పేరుంది. అసలు పేరే రానివాళ్ల సంగతి ఏంటి?

కోమస్ అని ఒక బ్యాండ్. లండన్‌కి ఆనుకుని ఉన్న బ్రోమ్లీ అనే ఊరి కుర్రాళ్లు. డేవిడ్ బౌవీ బెకెన్‌హామ్‌లో నడిపిన ఆర్ట్స్ ల్యాబ్‌లో వాయించేవాళ్లు. 1971లో ఫస్ట్ అటరెన్స్ అని మొదటి ఆల్బమ్ చేశారు. గిటార్లు, వయొలిన్, ఫ్లూట్, చేత్తో వాయించే డ్రమ్స్. మామూలు రాక్ డ్రమ్ సెట్ లేదు. కవర్ మీద మెలితిరిగిపోయిన ఒక మనిషి బొమ్మ ఉంటుంది, దాన్ని పాడే ఆయన రోజర్ వూటన్ బాల్‌పెన్‌తో గీశాడు. పాటలు కూడా ఆ బొమ్మలాగే ఉంటాయి. చాలా చీకటి పాటలు, హింస ఉంటుంది, అందరికీ పడదు. ముందే చెప్తున్నా.

ఆల్బమ్ అమ్ముడుపోలేదు. బ్యాండ్ విడిపోయింది. మళ్లీ కలిసి 1974లో ఇంకోటి చేశారు, అదీ పోలేదు. ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కథ అక్కడితో అయిపోవాలి.

కానీ ఆ రికార్డు కొద్దిమంది దగ్గర ఉంది కదా. వాళ్లు ఇంకొకరికి వినిపించారు. ఆ ఇంకొకరు మరొకరికి. అలా స్వీడన్‌లో ఓపెత్ అనే మెటల్ బ్యాండ్ నడిపే మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ దాకా చేరింది. ఆయనకి పాత రికార్డుల పిచ్చి. 1998లో ఓపెత్ ఆల్బమ్‌కి మై ఆర్మ్స్, యువర్ హర్స్ అని పేరు పెట్టాడు. ఆ మాటలు కోమస్ పాటలోవి. ఆ పేరు ఎక్కడిది అని వెతికిన ఓపెత్ ఫ్యాన్స్‌కి కోమస్ దొరికింది. 2008 మార్చిలో స్వీడన్‌లో మెలోబోట్ అని ఓడ మీద ఒక ఫెస్టివల్ జరిగింది. అక్కడ కోమస్ మళ్లీ స్టేజ్ ఎక్కింది. మొదటి ఆల్బమ్ వచ్చిన 37 ఏళ్లకి! పాత మెంబర్లలో చాలామంది వచ్చారు. 2012లో కొత్త ఆల్బమ్ కూడా చేశారు.

అంటే చూడండి. కంపెనీ యాడ్ లేదు, రేడియో లేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ఇది విను అనడం, అంతే. ఆ మాట ముప్పై ఏడేళ్లు నడిచి, పాట చేసినవాళ్ల దగ్గరికే తిరిగొచ్చింది.

ఇంకొక్కరు. ఈమెది ప్రోగ్ కాదు, ఫోక్. వష్టి బన్యన్. 1970లో ఒక ఆల్బమ్ చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. పాడటం మానేసింది, సంసారం, పిల్లలు. 1990ల చివర్లో ఇంటర్నెట్‌లో తన పేరు తనే వెతుక్కుంటే, ఆ రికార్డు కోసం జనం తిరుగుతున్నారని తెలిసింది. 2000లో ఆ ఆల్బమ్ మళ్లీ వేశారు. 2005లో రెండో ఆల్బమ్ చేసింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 35 ఏళ్లు. విన్నవాళ్లు నచ్చిందన్న సంగతి ఆమెకి ముందే చేరి ఉంటే మధ్యలో ఇంకెన్ని పాటలు వచ్చేవో అని నాకు అనిపిస్తుంటుంది.

సో, ఇప్పుడు షేర్ చేయడం ఎలా? నా రెండో తప్పు విన్నాక చెప్తా. బస్సు రాత్రి తర్వాత నాకు పూనకం వచ్చేసింది. ఫ్రెండ్స్‌తో కార్లో వెళ్తూ సప్పర్స్ రెడీ పెట్టా, 23 నిమిషాలది. పెట్టి ఊరుకున్నానా? "ఇప్పుడు వస్తుంది చూడు, ఇప్పుడు, ఇది విన్నావా" అని పక్కవాడి మొహం చూస్తూ కూర్చున్నా. పదో నిమిషంలో వెనక సీటులోంచి "మామా, ఇది ఇంకా అవ్వలేదా?" అని వినపడింది. నాకు కోపం వచ్చింది. మీకు టేస్ట్ లేదు అనేశా. ఆ తర్వాత నెలరోజులు నన్ను ఎవరూ కార్లో పాటలు పెట్టనివ్వలేదు. కరెక్టే కదా.

ఇప్పుడు నేను ఇలా చేస్తున్నా. ముందు అవతలివాళ్లు ఏం వింటారో అడుగుతా. ఇంటర్‌లూడ్లు ఇష్టమైనవాళ్లకి ఒకటి, మెటల్ వినేవాళ్లకి ఇంకోటి, మృదంగం తెలిసినవాళ్లకి మనీ. ఒక్క పాటే పంపిస్తా, ప్లేలిస్ట్ పంపను. ఎనభై పాటల ప్లేలిస్ట్ పంపితే ఎవరూ తెరవరు, అది మీకూ తెలుసు. పాటతోపాటు ఒకే ఒక్క లైన్ రాస్తా. స్టార్‌లెస్ అయితే "మధ్యలో ఫోన్ హ్యాంగ్ అయిందనిపిస్తుంది, అవ్వలేదు, తొమ్మిదో నిమిషం దాకా ఉండు" అని. నాకు ఆ రాత్రి ఎవరైనా ఆ ఒక్క మాట చెప్పుంటే ఆగేవాణ్ణేమో. పంపాక విన్నావా, విన్నావా అని అడగను. ఏడేళ్లు పట్టొచ్చు. నాకు పట్టింది.

నచ్చకపోతే? నచ్చలేదు అనే హక్కు వాళ్లకి ఉంది. ప్రోగ్‌లో ఉత్త బిల్డప్ పాటలు కూడా బోలెడు. పొడుగుంటే గొప్ప అని కాదు. ఎవరికీ తెలియని బ్యాండ్ నాకు తెలుసు అని కాలరెగరేయడం ఇంకా చెత్త అలవాటు. పాట దాచుకుంటే పెరిగేది మన పొగరు ఒక్కటే. పాపం ఆ మ్యుజీషియన్‌కి ఒక శ్రోత తగ్గిపోతాడు.

మీ ఫోన్‌లో మూడు పనులు చేయండి. షఫుల్ తీసేయండి. ప్రోగ్ ఆల్బమ్‌లో ఒక పాట ఇంకో పాటలోకి పారుతుంది, షఫుల్ పెడితే సినిమా సీన్లు కలిపేసినట్టే. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. ఫోన్ స్పీకర్లో వినొద్దు, బాస్ సగం వినపడదు. స్టార్‌లెస్ మధ్యభాగంలో అసలు కథంతా బాస్‌లోనే ఉంది.

ఇంకోటి. ఎవరికీ తెలియని బ్యాండ్ మీకు నచ్చితే, వాళ్లు ఇంకా వాయిస్తుంటే, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట ఒక్క ఆల్బమ్ కొనండి. అమ్మకంలో ఎక్కువభాగం వాళ్లకే వెళ్తుంది. డబ్బుల్లేవా, పర్లేదు, ఒక మెసేజ్ పెట్టండి. ఫలానా పాట ఫలానా నిమిషం దగ్గర నాకు నచ్చింది అని. పెద్ద స్టార్‌కి అలాంటివి లక్ష వస్తాయి. వీళ్లకి ఆ నెలలో వచ్చింది మీదొక్కటే కావొచ్చు.

ఈ వారం హోంవర్క్. స్టార్‌లెస్, పన్నెండు నిమిషాలు, ఫోన్ బోర్లా పెట్టి. అది నచ్చితే కోమస్ వాళ్ల ది హెరాల్డ్. ఆ చీకటి ఆల్బమ్‌లో మెత్తగా ఉండే పాట అదొక్కటే, అదీ పన్నెండు నిమిషాలే. విన్నాక మీకు ఎవరు గుర్తొస్తారో వాళ్లకి ఒక్కళ్లకి పంపండి. స్టేటస్‌లో పెట్టొద్దు, పేరు పెట్టి పంపండి. మీకు ఎవరైనా ఎప్పుడైనా ఒక మంచి పాట వినిపించి ఉంటే, ఈరోజే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. నంబర్ పనిచేస్తున్నప్పుడే.

అన్నా, ఈ వీడియో తిరిగి తిరిగి నీ దాకా వస్తే, నీ ఫోన్ హ్యాంగ్ అవ్వలేదన్నా. పాట పూర్తిగా విన్నా. ఇంకేం ఉన్నాయో చెప్పు, రెండు చెవులా వింటా.

ఉంటా ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.